ఉప్పు నీళ్ల బోరు కింద ఖర్బూజా, పుచ్చ: నేలలో ఉన్న పోషకం తీగకు ఎందుకు అందదు

క్లుప్తంగా

ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు పెట్టినంత మాత్రాన నేలలోని పోషకాలు మాయం కావు. తీగ వాటిని తీసుకునే నిష్పత్తి మారిపోతుంది. సోడియం పెరిగితే పొటాషియం, కాల్షియం వెనకబడతాయి. క్లోరైడ్ పెరిగితే నైట్రేట్ తగ్గుతుంది. ఈ తేడా ముందు ఆకులో బయటపడుతుంది. కాయలో పొటాషియం చాలావరకు నిలబడుతుంది, కాల్షియం మాత్రం నిలబడదు. నీళ్లలో మొత్తం ఉప్పు ఎంత అన్నదానితో పాటు అది ఏ ఉప్పు అన్నది కూడా పంట తీరును నిర్ణయిస్తుంది. ఎరువు మోతాదు పెంచుకుంటూ పోవడం చాలా సందర్భాల్లో సమస్యను పెంచుతుంది.

సమస్య ఎక్కడ మొదలవుతుంది

ఖర్బూజా, పుచ్చ ప్రధానంగా ఎండాకాలపు పంటలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య విత్తనం పడుతుంది, మార్చి నుంచి మే దాకా కాయ కోతకు వస్తుంది. భూగర్భ జలం అడుగంటే నెలలు కూడా సరిగ్గా ఇవే. బోరులో నీటిమట్టం దిగేకొద్దీ మిగిలిన నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది. తీరప్రాంతంలో అయితే పైనున్న మంచినీటి పొర పలచబడి, కిందున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. తీగ కాయ కట్టే దశకు చేరేసరికి, విత్తనం నాటినప్పటి నీళ్లకూ అప్పటి నీళ్లకూ చాలా తేడా వచ్చి ఉంటుంది.

ఒకే రకం విత్తనం, ఒకే డ్రిప్పు ఎరువుల షెడ్యూలు, పక్కపక్క పొలాలు. ఒకచోట తీగ పచ్చగా పాకుతుంది, ఇంకోచోట ముదురాకుల అంచులు మాడుతాయి, కాయ చిన్నదవుతుంది. ఆకు పసుపు తిరిగితే నత్రజని లోపమని, అంచు మాడితే పొటాష్ లోపమని అనుకుని ఎరువు పెంచడం మామూలే. ఆ లోపాలు ఆకులో నిజంగానే ఉండవచ్చు. వాటికి మూలం ఎరువు సంచిలో కాకుండా నీళ్లలో ఉన్నప్పుడు అదనపు ఎరువు ఏం చేస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈసీ అంకెను చదవడం

నీళ్లలో కరిగిన ఉప్పును విద్యుత్ వాహకతతో కొలుస్తారు. పరీక్ష కాగితంలో ఈసీ అని ఉండేది అదే. ప్రమాణం మీటరుకు డెసీసీమెన్లు. కొన్ని ప్రయోగశాలలు సెంటీమీటరుకు మైక్రోసీమెన్లలో ఇస్తాయి. 1000 మైక్రోసీమెన్లంటే 1 డెసీసీమెన్. ఈసీ 1 అంటే లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల ఉప్పు. సముద్రపు నీటి ఈసీ 50 దాకా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో సవరించి వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం సాగునీటి ఈసీ 0.7 లోపు ఉంటే ఇబ్బంది లేదు, 0.7 నుంచి 3 దాకా కొంత జాగ్రత్త కావాలి, 3 దాటితే తీవ్రమైన పరిమితి.

ఈ అంకెలు చిన్నవిగా కనిపించి మోసం చేస్తాయి. పుచ్చ జాతి పంటకు కాలం మొత్తంలో 400 నుంచి 600 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. 400 మిల్లీమీటర్లే అనుకున్నా ఎకరాకు దాదాపు 1600 ఘనమీటర్లు. ఆ నీటి ఈసీ 2 అయితే ఒక్క పంటలో ఎకరాకు 2 టన్నులకు పైగా ఉప్పు నేలలోకి చేరుతుంది. మొక్క నీళ్లు తాగి ఆవిరిగా వదులుతుంది. ఉప్పులో ఎక్కువ భాగాన్ని వేరు దగ్గరే వదిలేస్తుంది. అందుకే వేరు చుట్టూ ఉండే ద్రావణం బోరు నీటి కన్నా ఎప్పుడూ చిక్కగానే ఉంటుంది. పెట్టిన నీళ్లలో 15 నుంచి 20 శాతం వేళ్ల కిందికి దిగిపోతున్న పొలంలో నేల ఈసీ నీటి ఈసీకి ఒకటిన్నర రెట్లు ఉంటుందని ఆ మార్గదర్శకాల లెక్క.

పంటల ఓర్పు పట్టికలు నేల ఈసీ ఆధారంగా తయారైనవి. ఖర్బూజాను అవి ఉప్పుకు ఒక మాదిరిగా తట్టుకోలేని పంటల్లో చేర్చాయి. నేల ఈసీ 1 దాటాక ప్రతి అదనపు యూనిట్‌కూ దిగుబడి సుమారు 8.4 శాతం తగ్గుతుందని అంచనా. పత్తికి ఆ హద్దు 7.7, బార్లీకి 8, వరికి 3, టమాటకు 2.5. అయితే హద్దు దాటాక వరి యూనిట్‌కు 12 శాతం చొప్పున, టమాట 9.9 శాతం చొప్పున పడిపోతాయి. అంటే ఖర్బూజాకు దెబ్బ త్వరగా మొదలవుతుంది గానీ పతనం వాటంత నిటారుగా ఉండదు. నీటి ఈసీ 2 ఉంటే నేల ఈసీ 3కు చేరుతుంది, నష్టం 17 శాతం దగ్గర. నీటి ఈసీ 3 అయితే నష్టం 29 శాతం దాకా పోతుంది. రకాన్ని బట్టి, ఎండను బట్టి, నేలను బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. ఇది సగటు లెక్క, జోస్యం కాదు.

దిగుబడి ఎంత తగ్గుతుందో ఈ పట్టికలు చెబుతాయి. ఎందుకు తగ్గుతుందో చెప్పవు. దానికి పోషకాల వైపు చూడాలి.

సోడియం, పొటాషియం: ఒకే దారి, ఇద్దరు బాటసారులు

ఉప్పు ముందుగా చేసే పని నీళ్లను బిగించడం. వేరు బయట ద్రావణం చిక్కబడితే అదే తేమ ఉన్నా వేరు దాన్ని లాక్కోవడానికి ఎక్కువ శ్రమపడాలి. తీగ ఆకు రంధ్రాలను కొంత మూసుకుంటుంది, కొత్త ఆకులు చిన్నవవుతాయి. నీళ్లు పెట్టిన కొద్ది గంటల నుంచే కనబడే ప్రభావం ఇది. రెండో దశ నెమ్మదిగా, రోజులూ వారాలూ గడిచాక వస్తుంది: సోడియం, క్లోరైడ్ ఆకుల్లో పోగుపడి లోపలి పనిని చెడగొడతాయి.

సోడియం, పొటాషియం రెండూ ఒక్కో ధన విద్యుదావేశం మోసే అయాన్లు, నీటిలో వాటి పరిమాణంలోనూ తేడా తక్కువ. వేరు కణపు పొరలో పొటాషియం కోసం ఉన్న కొన్ని మార్గాలు ఆ తేడాను పూర్తిగా పట్టుకోలేవు. బయట సోడియం పదుల రెట్లు ఎక్కువగా ఉంటే కొంత లోపలికి జారుతుంది. అంతటితో ఆగదు. ధనావేశం లోపలికి చేరడంతో పొరకు అటూ ఇటూ ఉన్న విద్యుత్ తేడా తగ్గుతుంది, దాంతో లోపలున్న పొటాషియం బయటికి కారిపోతుంది. తీగ రెండు వైపుల నుంచీ నష్టపోతుంది: కొత్తగా వచ్చేది తగ్గుతుంది, ఉన్నది పోతుంది.

సోడియం ఎంతో కొంత పనికొస్తుంది కూడా. కణం మధ్యలోని నీటి సంచిలో చేరి, బిగువు నిలబెట్టే పనిలో పొటాషియానికి బదులు నిలుస్తుంది. ఉప్పు స్వల్పంగా ఉన్నప్పుడు ఖర్బూజా తీగ పెద్దగా దెబ్బతినకపోవడానికి ఇది ఒక కారణం. అయితే ప్రొటీన్ల తయారీలో, ఎంజైముల పనిలో పొటాషియానికి ప్రత్యామ్నాయం లేదు. ఆకులో తయారైన చక్కెర కాయకు చేరాలన్నా పొటాషియం కావాలి. ఖర్బూజా, పుచ్చ పంటలు ఈ పోషకాన్ని భారీగా తీసుకునేవి. కాయ ఊరే దశలో దాని గిరాకీ తారస్థాయికి వెళ్తుంది; బోరు నీళ్లు అత్యంత ఉప్పగా ఉండేదీ అప్పుడే.

వేళ్లకు గాలి ఆడకపోతే పరిస్థితి మరింత దిగజారుతుంది. సోడియాన్ని బయటికి నెట్టడం, పొటాషియాన్ని ఎంచుకోవడం శక్తి ఖర్చయ్యే పనులు. నీళ్లు నిలిచిన బరువు నేలలో ఆక్సిజన్ అందక వేరు ఆ ఎంపికను కోల్పోతుంది. అదే ఈసీ ఉన్న నీళ్లు ఇసుక నేలలో ఓర్చుకోగలిగినంతగా నల్లరేగడిలో ఓర్చుకోలేకపోవడం వెనక ఈ కారణం కూడా ఉంది.

క్లోరైడ్ అడ్డుపడే నైట్రేట్

క్లోరైడ్, నైట్రేట్ రెండూ రుణావేశం మోసేవి. వేరులో ఇవి ప్రవేశించే మార్గాలు కొంతవరకు ఉమ్మడివి. నీళ్లలో క్లోరైడ్ పెరిగితే ఆకులో నైట్రేట్ తగ్గడం ఖర్బూజా, టమాట వంటి పంటల్లో పదే పదే నమోదైన విషయం. అయినా ఆకు పరీక్షలో మొత్తం నత్రజని శాతం అంతగా తగ్గకపోవచ్చు. మొక్క చిన్నదైపోవడంతో ఉన్న నత్రజనే చిక్కగా కనబడుతుంది.

యూరియా వేసిన చోట మరో చిక్కు ఉంది. యూరియా ముందు అమ్మోనియంగా, తరవాత నేల బాక్టీరియా చేతుల్లో నైట్రేట్‌గా మారాలి. ఉప్పు ఎక్కువైతే ఈ రెండో మార్పు మందగిస్తుంది. అమ్మోనియం నేలలో ఎక్కువ కాలం నిలిచి, తానూ ధనావేశ అయానే కాబట్టి పొటాషియం, కాల్షియం తీసుకోవడానికి ఇంకో పోటీదారుగా తయారవుతుంది. ఉప్పు నీళ్ల పొలంలో నత్రజనిని ఎక్కువగా నైట్రేట్ రూపంలో ఇవ్వమనడం ఇందుకే.

ఇక్కడ చాలామంది లెక్కలోకి తీసుకోని విషయం ఒకటుంది. బోరు నీళ్లు తమతో పాటు నైట్రేట్‌ను కూడా తెస్తాయి. తాగునీటిలో నైట్రేట్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. సరిగ్గా అంతే ఉన్న నీళ్లను ఎకరాకు 1600 ఘనమీటర్లు పెడితే సుమారు 16 కిలోల నత్రజని నీటితోనే పడుతుంది. ఎరువుల షెడ్యూలులో దీన్ని తీసివేయని పొలాల్లో తీగ ఆకు దట్టంగా పెరిగి కాయ ఆలస్యమవడం కనిపిస్తే, ఆ నెపం ఉప్పు మీద వేయడం సరికాదు.

కాల్షియం: దెబ్బ కాయ మీద పడే చోటు

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన పోషకం కాల్షియమే. రైతు సంభాషణల్లో దీని పేరు పొటాష్ అంత తరచుగా వినిపించదు.

కాల్షియం కణపు గోడలను బిగిస్తుంది, పొరలను నిలబెడుతుంది, సోడియం లోపలికి జారే మార్గాలను కొంత మూస్తుంది. వేరు చుట్టూ తగినంత కాల్షియం ఉంటే పొటాషియం, సోడియం మధ్య ఎంపిక మెరుగ్గా జరుగుతుంది. అంటే కాల్షియం కొరత వస్తే పొటాషియం కొరత కూడా వెంటే వస్తుంది. నేల ద్రావణంలోని మొత్తం ధనావేశ అయాన్లలో కాల్షియం వాటా సుమారు 10 నుంచి 15 శాతానికి దిగువకు పడిపోతే వేరు ఎదుగుదలే కుంటుపడుతుందని పాత ప్రయోగాలు చూపాయి.

ఇంకో ఇబ్బంది దాని ప్రయాణంలో ఉంది. పొటాషియం ఆకు నుంచి కాయకు చక్కెరతో పాటు ప్రయాణించగలదు. కాల్షియానికి ఆ దారి దాదాపు మూసి ఉంటుంది. వేరు నుంచి పైకి లేచే నీళ్లతోనే అది వెళ్లాలి, నీళ్లు ఎక్కువ ఆవిరయ్యే చోటికే ఎక్కువ చేరుతుంది. ఆకు విస్తారంగా ఆవిరి వదులుతుంది. మందపాటి తొక్క ఉన్న కాయ చాలా తక్కువ. కాయ మొలిచిన తొలి వారాల్లో తొక్క ఇంకా పలచగా ఉన్నప్పుడు చేరిన కాల్షియమే చివరి దాకా పనికి రావాలి. ఉప్పు నీళ్లు ఆవిరి ప్రవాహాన్నే తగ్గిస్తాయి కాబట్టి ఆ కాస్త వాటా కూడా తగ్గుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో ఎన్నాళ్లుగానో ఉన్న అంకెల్లో దీని ఆనవాలు కనిపిస్తుంది: 100 గ్రాముల ఖర్బూజా గుజ్జులో పొటాషియం 267 మిల్లీగ్రాములు, కాల్షియం 9. పుచ్చలో 112, 7. అదే తీగ ఆకును ఎండబెట్టి చూస్తే కాల్షియం తరచుగా పొటాషియంతో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో ఉంటుంది.

కొరత రెండు రూపాల్లో బయటపడుతుంది. పుచ్చలో పూత కొన వైపు కాయ అడుగు మెత్తబడి, నల్లబడి, తోలులా ముడుచుకుపోతుంది. ఖర్బూజాలో గుజ్జు గాజులా పారదర్శకంగా, నీరు పట్టినట్టు మారుతుంది; కోసి చూస్తే తప్ప తెలియదు. పైకి బాగున్న కాయ బజారులో తిరుగుముఖం పట్టడానికి ఇదొక కారణం. దీన్ని తెగులుగా పొరబడి శిలీంధ్రనాశిని కొట్టడం వృథా.

మిగతావి

భాస్వరం విషయంలో ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో అది కాల్షియం ఫాస్ఫేట్‌గా గడ్డకట్టి మొక్కకు అందదు, డ్రిప్పు రంధ్రాలనూ మూసేస్తుంది. ఇసుక, నీటి సాగు ప్రయోగాల్లో మాత్రం కొన్నిసార్లు ఆకులో భాస్వరం పెరిగింది కూడా. మెగ్నీషియం తీరప్రాంతపు నీళ్లలో సాధారణంగా సరిపడా ఉంటుంది, అక్కడ సమస్య అది కాల్షియంతో పోటీ పడటం. ఇనుము, జింకు, మాంగనీస్ లోపాలు ఉప్పు వల్ల కన్నా నేల పీహెచ్ పెరగడం వల్ల వస్తాయి; లేత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే అటు చూడాలి. బోరాన్ కథ తలకిందులు: కొన్ని లోతు బోర్లలో అది అవసరానికి మించి ఉంటుంది. ఖర్బూజా లీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల దాకా తట్టుకోగల పంటగా పట్టికలకెక్కింది, కీరదోస అందులో సగమే.

ఆకు పరీక్షను ఎలా చదవాలి

ఉప్పు నీళ్ల పొలంలో ఆకు పరీక్ష ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. లెక్క కోసం ఒక ఊహ: మంచినీళ్ల మొక్క ఎండు బరువు 200 గ్రాములు, అది తీసుకున్న పొటాషియం 6 గ్రాములు. అంటే 3 శాతం. ఉప్పు నీళ్ల మొక్క ఎండు బరువు 140 గ్రాములు, తీసుకున్నది 4.5 గ్రాములు. అంటే 3.2 శాతం. పోషకం పావు వంతు తక్కువ తీసుకున్న మొక్కలో శాతం ఎక్కువగా కనిపించింది. శాతం ఒక్కటే చూసి పొటాష్ సరిపోయిందనుకుంటే పొరపాటే. దాని పక్కన సోడియం ఎంత, క్లోరైడ్ ఎంత అన్నవి కూడా ఉంటేనే కాగితానికి అర్థం. సోడియానికీ పొటాషియానికీ మధ్య నిష్పత్తి వారం వారం పెరుగుతుంటే, పొటాషియం శాతం బాగున్నా తీగ ఒత్తిడిలో ఉన్నట్టే.

కాయను తినేవారికి వచ్చే సందేహం వేరు: ఉప్పు నీళ్లతో పండిన కాయ ఉప్పగా ఉంటుందా? ఉండదు. కాయకు ఆహారం ప్రధానంగా ఆకుల నుంచి వచ్చే చక్కెర ప్రవాహంతో అందుతుంది, అందులో సోడియం తక్కువ. తీగ సోడియాన్ని వేరులో, కాండంలో, ముదురాకుల్లో నిలిపేస్తుంది. రుచి సంగతికొస్తే, ఒక మోస్తరు ఉప్పు ఖర్బూజా తియ్యదనాన్ని తరచుగా పెంచుతుంది. కాయలోకి నీళ్లు తక్కువ చేరి చక్కెర చిక్కబడుతుంది. కాయల సంఖ్య పెద్దగా తగ్గదు, ఒక్కో కాయ బరువు తగ్గుతుంది. మన దగ్గర కాయ బరువు మీద అమ్ముడుపోతుంది. తియ్యదనానికి విడిగా ధర పలకని మార్కెట్లో ఈ లాభం రైతు చేతికి రాదు, తినేవారికే చేరుతుంది.

ఒకే ఈసీ, నాలుగు రకాల నీళ్లు

ఈసీ 2 అన్న అంకె వెనక పూర్తిగా వేర్వేరు నీళ్లు ఉండవచ్చు. పోషకాల చర్చ మొత్తం ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

తీరప్రాంతం సంగతి ముందు. ఈసీ 0.5 ఉన్న మంచినీళ్లు 97 పాళ్లకు సముద్రపు నీరు 3 పాళ్లు కలిస్తే చాలు, మిశ్రమం ఈసీ 2కు చేరుతుంది. సముద్రపు నీటిలో ధనావేశ అయాన్లను వాటి ఆవేశాల లెక్కన చూస్తే సోడియం సుమారు 77 శాతం, మెగ్నీషియం 17, కాల్షియం కేవలం 3 నుంచి 4. కాల్షియం కన్నా మెగ్నీషియం 5 రెట్లు. అంటే బాపట్ల, ప్రకాశం, నెల్లూరు తీరపు ఇసుకల్లో ఉప్పునీరు ఎగదన్నితే తీగకు ఒకేసారి మూడు దెబ్బలు: సోడియం ఎక్కువ, క్లోరైడ్ ఎక్కువ, కాల్షియం తక్కువ. ఇసుక నేలలో ఎరువును పట్టి ఉంచే గుణం తక్కువ కాబట్టి పోషకాలు కిందికి కారిపోవడం అదనం. ఒక ఊరట ఏమిటంటే ఉప్పు కూడా అంతే తేలిగ్గా కారిపోతుంది.

రాయలసీమ గట్టు నేలల్లో బోరు నీళ్లది వేరే స్వభావం. చాలాచోట్ల క్లోరైడ్ కన్నా సోడియం బైకార్బొనేట్ ప్రధానం. ఈ నీళ్లు పెట్టగా పెట్టగా నేలలోని కాల్షియం కార్బొనేట్‌గా గడ్డకట్టి, సోడియం రాజ్యమేలుతుంది. తెల్లగా పొర కట్టే పాలచౌడు బదులు నేల బిగుసుకుపోయే కారుచౌడు తయారవుతుంది. అనంతపురం, నల్గొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల వారికి ఇందులో ఒక సూచన ఉంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కరగని లవణంగా విడిపోతాయి. అందువల్ల ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో సాధారణంగా కాల్షియం తక్కువగానూ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగానూ ఉంటాయి. తాగునీటి పరీక్షలో ఫ్లోరైడ్ అని తేలిన బోరు కింద ఖర్బూజా వేస్తే కాల్షియం, జింకు, ఇనుము మీద ముందుగానే కన్నేయడం మంచిది. అలాంటి చోట ఈసీ 1.2 మాత్రమే ఉందని ధీమా పడటానికి లేదు.

బ్రెజిల్ ఈశాన్యంలోని మొసోరో ప్రాంతం ఆ దేశపు ఖర్బూజా ఎగుమతులకు కేంద్రం. అక్కడ పై పొరలోని సున్నపురాయి బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి గానీ కాల్షియం దండిగా ఉంటుంది. లోతున ఇసుకరాయి పొరలో మంచి నీళ్లున్నాయి, తవ్వకం ఖర్చు మాత్రం భారీ. రెండింటినీ కలిపి వాడుకోవడం అక్కడ అలవాటు. ఆ నీళ్లలో ఒక్క లీటరులో 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉందనుకున్నా ఎకరాకు 64 కిలోలు ఉచితంగా పడినట్టే. అక్కడి తలనొప్పి భాస్వరం గడ్డకట్టడం, డ్రిప్పు మూసుకుపోవడం. ఇజ్రాయెల్ నెగేవ్ ఎడారిలో భూగర్భపు ఉప్పునీరు సోడియం క్లోరైడ్ ప్రధానమైనది. అక్కడ ఖర్బూజా నిలబడటానికి ఇసుక నేల, రోజూ పారే డ్రిప్పు, నీటితో పాటే కాల్షియం, నైట్రేట్ అందించడం కలిసొచ్చాయి. నెగేవ్ పద్ధతిని నల్లరేగడిలో యథాతథంగా అనుకరిస్తే ఆ ఫలితం రాదు, ఎందుకంటే నెగేవ్‌లో ఉప్పును కిందికి దిగనిచ్చేది ఇసుకే.

ఎరువు పెంచితే ఏమవుతుంది

లోపం కనబడినప్పుడు ఎరువు వేస్తే ఆకులో ఆ పోషకం శాతం పెరుగుతుంది. ఇంతవరకు నిజం. దిగుబడి కూడా పెరుగుతుందా అన్నదానికి దశాబ్దాల ప్రయోగాల సారం ఇలా ఉంది: అసలే తక్కువ వేసిన చోట పెరుగుతుంది, సిఫారసు మేరకు వేసిన చోట, ఉప్పే ఎదుగుదలను ఆపుతున్నప్పుడు, అదనపు మోతాదు వల్ల సాధారణంగా పెరగదు.

ఎరువు కూడా ఒక ఉప్పే. సోడియం నైట్రేట్‌ను 100గా తీసుకుని కొలిచే లవణ సూచికలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 116, పొటాషియం నైట్రేట్ 74, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 46 దగ్గర ఉన్నాయి. మ్యూరేట్‌లో బరువులో దాదాపు సగం క్లోరైడే. క్లోరైడ్ నీళ్లున్న పొలంలో పొటాష్ లోపానికి మ్యూరేట్ వేయడమంటే పొటాషియం ఇస్తూనే నైట్రేట్‌కు అడ్డుగోడ కట్టడం. ధర తక్కువని దాన్ని ఎంచుకునే పరిస్థితి అర్థమయ్యేదే. అయినా ఈ పంటలో, ఈ నీళ్లలో, ఆ ఆదా చివరికి నష్టంగా తేలే అవకాశం ఎక్కువ. సల్ఫేట్ ఆఫ్ పొటాష్, 13-0-45 (పొటాషియం నైట్రేట్) రూపంలో పొటాష్, కాల్షియం నైట్రేట్ రూపంలో కొంత నత్రజని అన్నది ఇక్కడ సబబైన దారి. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్, ఫాస్ఫేట్ ఎరువులతో ఒకే ట్యాంకులో కలపకూడదు. అవి గడ్డకట్టి డ్రిప్పులో చిక్కుకుంటాయి.

పొలంలో పనిచేసే సర్దుబాట్లు

అన్నిటికన్నా ముందు ఉప్పును వేళ్ల కిందికి దింపడం. తీగకు కావలసిన దానికన్నా కొంత ఎక్కువ నీళ్లు పెడితేనే అది జరుగుతుంది. నీటి ఈసీ 2 ఉండి నేల ఈసీని కూడా 2 దగ్గరే ఆపాలంటే, వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం పెట్టిన నీళ్లలో పావు వంతు కిందికి దిగాలి. బోరే ఎండుతున్న కాలంలో ఇది కష్టమైన షరతు. ఆ పావు వంతుతో పాటు నైట్రేట్ కూడా కారిపోతుంది, కాబట్టి ఉప్పు కడిగే తడి ఇచ్చిన రోజున ఎరువు ఇవ్వకపోవడం, తరవాతి తడిలో ఇవ్వడం మేలు.

డ్రిప్పు, మల్చింగ్ షీటు కలిసి రెండు రకాలుగా సాయపడతాయి. నేల మీది ఆవిరి తగ్గి ఉప్పు చిక్కబడటం నెమ్మదిస్తుంది. తడి వలయం లోపలి ఉప్పు అంచులకు నెట్టబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పడే మామిడి జల్లు ఈ ఏర్పాటును ఒక్క గంటలో తలకిందులు చేస్తుంది. అంచున పేరుకున్న ఉప్పును చిన్న వాన వెనక్కి, వేళ్ల మీదికి తోస్తుంది. అందుకే ఉప్పు నీళ్ల పొలంలో చిన్న వాన పడుతున్నప్పుడు డ్రిప్పు ఆపకూడదు. వాన పడుతుంటే మోటారు వేయడం వింతగా అనిపించినా లెక్క అదే.

కారుచౌడు వైపు జారే బైకార్బొనేట్ నీళ్లకు జిప్సం మందు. కాల్షియం, మెగ్నీషియంలను మించి మిగిలిన కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు (అయాన్లను ఆవేశం లెక్కన కొలిచే ప్రమాణం) దాటితే ఆ నీళ్లు సాగుకు పనికిరావన్నది వాడుకలో ఉన్న కొలమానం. అందులో ఒక్కో యూనిట్‌ను తగ్గించడానికి ప్రతి 1000 ఘనమీటర్ల నీటికి 86 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. జిప్సం ఇచ్చే కాల్షియం నేలనే కాదు, తీగనూ ఆదుకుంటుంది. సోడియం క్లోరైడ్ నీళ్లలో మాత్రం జిప్సం క్లోరైడ్‌ను ఏమీ చేయలేదు. మందు పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ తేడా తెలియక వచ్చేవే.

గుమ్మడి జాతి వేరు మీద ఖర్బూజా, పుచ్చ అంట్లు కట్టడం మరో మార్గం. గుమ్మడి వేరు సోడియంలో పెద్ద భాగాన్ని పైకి పోనివ్వదు. ఖర్బూజా సొంత వేరుకు ఆ శక్తి చాలా తక్కువ. క్లోరైడ్‌ను ఆపడంలో గుమ్మడి వేరు అంత సమర్థం కాదు. అంటు మొక్క ఖర్చు ఎక్కువ, కొన్ని జతల్లో కాయ రుచి మారుతుంది. సోడియం ప్రధాన సమస్య అయిన చోటే ఈ ఖర్చుకు న్యాయం.

చివరిది, తీరప్రాంతానికి సంబంధించినది, దొరువు, అంటే ఇసుకలో తవ్వే లోతు తక్కువ నీటిగుంట. ఇసుక నేలలో వాన నీరు ఉప్పునీటి మీద పలచని పొరగా తేలి నిలుస్తుంది. లోతుగా బోరు దించి గట్టిగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. లోతు లేకుండా, వెడల్పుగా, నెమ్మదిగా తోడితే మంచినీళ్లే వస్తాయి. చేత్తో తవ్వి కుండలతో తోడిపోసే పాత దొరువునే బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం మెరుగుపరచి, అడ్డంగా పరచిన రంధ్రాల గొట్టాలతో నీళ్లు ఒక బావిలోకి చేరే పద్ధతిగా వాడుకలోకి తెచ్చింది. ఈ పొర వానాకాలం తరవాత మందంగా, మార్చి నాటికి పలచగా ఉంటుంది. ఖర్బూజా ఓర్పు కూడా వయసుతో పెరుగుతుంది: మొలక, లేత మొక్క దశలో తక్కువ, కాయ ఊరే దశలో ఎక్కువ. ఉప్పు నీళ్లు ఎంత ఆలస్యంగా మొదలైతే దిగుబడి నష్టం అంత తక్కువని స్పెయిన్ ప్రయోగాలూ చూపాయి. కాబట్టి మంచినీళ్లను మొదటి నెలన్నరకు దాచి, తరవాత మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిపిన నీళ్లకు మారడం సరైన వరస. ఆ వరసలో ఒక్క మినహాయింపు అవసరం. పిందె పడ్డ తరవాతి రెండు మూడు వారాలు కాయలోకి కాల్షియం చేరే సమయం. ఆ వారాల్లోనూ మంచినీళ్లే దొరికేలా విత్తనం మరి కాస్త ముందుగానే వేయగలిగితే, ఆ తరవాత ఈసీ కొంత పెరిగినా కాయ బరువు తగ్గుతుందేమో గానీ గుజ్జు చెడిపోయే ప్రమాదం తక్కువ.